ఫ్లైట్ ట్రాకర్: స్క్రీన్‌పై విమానం మాయమైతే కూలిపోయినట్టేనా?

వడ్డాదిలో డాబాపై చిన్న యాంటెన్నా, ఇంట్లో రాస్‌బెర్రీ పై, దానికో యూఎస్‌బీ రిసీవర్. అంతే, విశాఖకు వచ్చిపోయే విమానాలను ఫోన్ బ్రౌజర్‌లోనే లైవ్‌గా చూడొచ్చు. కానీ ఆ మ్యాప్‌ను తప్పుగా చదివితే పుకార్లు పుడతాయి.

ఎందుకంటే ఇది రాడార్ కాదు. విమానం 1090 మెగాహెర్ట్జ్‌పై తన స్థానం, ఎత్తు తానే చెబుతుంది. మన రిసీవర్ వింటుంది, అంతే. మాడుగుల వైపు కొండలు అడ్డొచ్చినా, విమానం బాగా కిందికి దిగినా సిగ్నల్ పోతుంది. ఐఎన్‌ఎస్ డేగ నుంచి ఎగిరే నేవీ విమానాలు అసలు కనిపించకపోవచ్చు. సెటప్‌లో మీ ఇంటి అక్షాంశ, రేఖాంశాలు తప్పుగా ఇస్తే దూరాలూ తప్పుతాయి.

ఎత్తు అంకెతో ఇంకో చిక్కు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా ఏఐ 171 చివరి సిగ్నల్ 625 అడుగుల దగ్గర అందింది. వార్తల్లో ఈ అంకె మోగిపోయింది. నేల నుంచి అంత ఎత్తు అనుకుంటే మాత్రం పొరపాటే. అది గాలి పీడనాన్ని బట్టి లెక్కేసిన ఎత్తు. పైగా ఆ ఎయిర్‌పోర్టే సముద్ర మట్టానికి దాదాపు 200 అడుగుల పైన ఉంది.

అందుకే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, అధికారులు ఏం చెప్పారో ఒక్కసారి చూడండి.