మాట మనల నేమి కోరుచున్నది?



వాట్సపు బృందములలో దినదినమును వచ్చిపడు వార్తలలో ఏది నమ్మదగినది, ఏది కాదు అని మనలో పెక్కుమంది మథనపడుచున్నారు. కొందఱు వచ్చినదెల్ల నిజమని తలంచి, తక్షణమే పదిమందికి పంపుదురు. మఱికొందఱు ఒకమాఱు మోసపోయిన పిదప, దేనిని చూచినను కట్టుకథయే యని కొట్టివేయుదురు. ఈ రెండు త్రోవలును చెడ్డవే యని మా అభిప్రాయము. ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. మన జిల్లాలోనే దీనివలన ఒక నిండుప్రాణము పోయినది.

2018వ సంవత్సరపు వేసవిలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలంగాణమంతట వదంతి ప్రబలెను. పార్థీ ముఠా యనియు, బీహారు వారనియు, అవయవములకై బిడ్డలను చంపుదురనియు ఫోనులలో బొమ్మలతో సహా వార్తలు వచ్చెను. తల్లులు బిడ్డలను వాకిట నాడుకొననీయలేదు. మగవారు రాత్రులు కఱ్ఱలు పట్టి కావలి కాచిరి. ఆ మే మాసమున మన భీమ్‌గల్ మండలములోని చేంగల్ గ్రామమున ఒక మనిషి గుంపు దెబ్బలకు మరణించెను. ఆ దినములలోనే బీబీనగరు మండలమున, చుట్టములను చూడవచ్చిన ఆటో డ్రైవరొకడు అట్లే బలియయ్యెను. జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూళే జిల్లా రాయిన్‌పాడాలో, భిక్షాటనముచే బ్రతుకు సంచారజాతివారిని ఐదుగురిని ఒక్కనాడే చంపిరి.

ఆనాడు దేశమంతట తిరిగిన దృశ్యములలో ఒకదానిని మీలో కొందఱు చూచియే యుందురు. మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దఱు, వీథిలో ఆడుకొను బాలుని ఎత్తుకొని పోవుదురు. కన్నతల్లి యెవతె చూచినను గుండె ఆగునట్లుండును. కాని అది మన దేశములోనిది కాదు. నిజముగా జరిగినదియు కాదు. పాకిస్తానములోని కరాచీ నగరమున, పిల్లలపై కన్నువేసి యుండుడని తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన చిన్న చిత్రమది. అసలు చిత్రము చివర ఆ యిద్దఱును మరలివచ్చి బాలుని దించి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఆ కడపటి భాగమును ఎవరో కత్తిరించి, ముందు భాగమును మాత్రము లోకముమీదికి వదలిరి.

దీనికి సాటివచ్చు కథ భారతములో నున్నది. ద్రోణాచార్యులు వదంతులను నమ్మువారు కారు. కొడుకు మరణించెనని భీముడు చెప్పినను నమ్మక, సత్యసంధుడని పేరొందిన ధర్మరాజునే అడిగిరి. ఆ ధర్మరాజు పలికిన వాక్యములో ఏనుగు అను ముక్క వారి చెవిని బడలేదు. విన్న భాగమే వారిచేత అస్త్రసన్న్యాసము చేయించెను. మనకును వార్తను పంపునది పరాయివారు కారు. మేనత్తగారో, వదినగారో, చిన్ననాటి చెలియో పంపుదురు. వారు అబద్ధమాడువారు కారు. కాని వారును కన్నులార చూడలేదు. వారికి వేఱొకరు పంపిరి. పంపినవారిమీది నమ్మికను వార్తకు గూడ అంటగట్టుటలోనే చిక్కంతయు నున్నది.

బోధను ప్రాంతపు సోదరీమణులకు పరాయి యాస క్రొత్త కాదు. 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడువఱకు, చెఱకు కోతలకును తోలకమునకును దూరప్రాంతముల కూలివారు వచ్చుచుండెడివారు. మరాఠీసీమ యెల్లయు బోధనుకు దవ్వు కాదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఒక్క బజారులోనే వినవచ్చును. అట్టిచోట క్రొత్తముఖము కానవచ్చిన, "ఏ ఊరయ్యా? ఎవరింటికి వచ్చితివి?" అని అడుగుట పరిపాటి. 2018లో మూకలు చేరినచోట్ల ఆ ఒక్కప్రశ్న అడుగుటకు ఎవరికిని ఓపిక లేకపోయెను. ఎదుట నిలిచి మాటాడగల మనిషిని అనుమానించిరి. ఊరు పేరు లేని వార్తను నమ్మిరి. పార్థీలు మొదలగువారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన ఆంగ్లేయుల చట్టము 1952లో రద్దయినను, ఆ ముద్ర మనస్సులలో చెఱగకుండుట గూడ ఇందుకు తోడ్పడెను.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో వేఱొక విధముగా జరిగెను. అచటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు గ్రామమునకొక పోలీసును నియమించిరి. వారు జనులతో పరిచయము చేసికొని, అనుమానపు వార్త వచ్చిన తమను అడుగుడని చెప్పిరి. డప్పులు వాయించి, పాటలు పాడి వదంతుల గుట్టు విప్పిరి. సుమారు 400 గ్రామములున్న ఆ ప్రాంతమున ఒక్క ప్రాణమును పోలేదు. జనులు అచట ఎక్కువ చదువుకొన్నవారని కాదు. అడుగుటకు వారికి తెలిసిన మనిషి యొకడుండెను. వాట్సపు సంస్థవారును 2018 జూలైలో, వచ్చిన వార్తను ఒక్కమాఱు ఐదుచోట్లకు మించి పంపరాకుండ మన దేశమున కట్టడి చేసిరి.

ఇక రెండవ త్రోవ. ఏదియు నమ్మనివారి సంగతి యేమి? స్త్రీల చర్చాబృందములలో ఒకతె పేరు దాచుకొని, భర్త కొట్టుచున్నాడనియో, చెప్పుకొనరాని జబ్బు చేసినదనియో వ్రాయును. వెంటనే, "ఇది కల్పితము, పేరు చెప్పుటకు భయమెందుకు?" అని నలుగురు లేతురు. పేరు దాచుట అబద్ధమునకు గుఱుతు కాదు. 1928లో కేసరిగారు మద్రాసున స్థాపించిన గృహలక్ష్మి పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు "శారద లేఖలు" వ్రాసిరి. శారద యను నామె కల్పలత యను చెలికి వ్రాయు లేఖలవి. శారదయు, కల్పలతయు కల్పితలే. అయినను అందు చర్చింపబడిన స్త్రీల కష్టసుఖములు కల్పితములు కావు.

కావున మేము చెప్పునది యొక్కటే. మాట నిజమా అని తేల్చుకొనుటకు ముందు, ఆ మాట మనల నేమి కోరుచున్నదో చూచుకొందము. ఒక ఆడుది వినుమని, ఒక మంచిమాట చెప్పుమని కోరిన, అది కల్పితమే యైనను మనకు పోవునది గడియకాలము. నిజమై యుండి మనము త్రోసివేసితిమా, ఆమెకు మఱియొక తలుపు ఉండకపోవచ్చును. కాని ఆ మాట డబ్బు పంపుమనిన, ఒకరిని ద్వేషింపుమనిన, ఒకరిమీద చేయెత్తుమనిన, తక్షణమే అందఱికి చాటుమనిన, అప్పుడు ఆగవలెను. ఎవరు చూచిరి? ఏ ఊరిలో? ఏనాడు? ఈ మూటికిని సమాధానము లేనిచో దానిని మన చేతిలోనే నిలిపివేయవలెను. బిడ్డల విషయమున నిజముగా భయము కలిగిన, 1098కి గాని, పోలీసువారి 100కు గాని ఫోను చేయవలెను.

ఇంటిలోని మగపిల్లలకు గూడ ఈ సంగతి వివరించి చెప్పుడని మా మనవి. కఱ్ఱ పట్టుకొని వీథిలోనికి పోవునది వారే గదా.