అమ్మా నేనూ మలక్కా వెళ్ళొచ్చాం

ఈ వారం నిల్వపచ్చళ్ళ గురించి రాస్తానని కిందటివారం మాటిచ్చాను. ఏమీ అనుకోకండి, అది వచ్చే వారానికి వాయిదా. మా అమ్మ మొన్ననే ఊరికి వెళ్ళిపోయింది. ఇల్లంతా బోసిగా ఉంది. మనసంతా ఆ ముచ్చట్లమీదే ఉంటే పచ్చళ్ళ గురించి ఏం రాస్తాను చెప్పండి!

మావారి ఉద్యోగం వల్ల మేం సింగపూర్లో ఉంటున్నాం కదా. అమ్మది వాకాడు దాటాక సముద్రం వైపు ఉన్న చిన్న పల్లె. నాయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ రమ్మంటే "గేదెనెవరు చూస్తారు పాపా" అని తప్పించుకుంటూ వచ్చి, చివరికి మూడు వారాలకి ఒప్పుకుంది. వచ్చిన వారానికల్లా నా పప్పుల డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టేసింది. ఆ తర్వాత చెయ్యడానికేం లేక, పదకొండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి కింద పోయే కార్లని చూస్తూ ఉండేది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎక్కడికైనా తీసుకెళ్దామని అప్పుడే అనుకున్నాను.

మలేషియాలోని మలక్కా అయితే బస్సులో నాలుగైదు గంటలు. పిల్లల్ని మావారు చూసుకుంటానన్నారు. గురువారం వెళ్ళి శనివారం వచ్చేట్టు, నేనూ అమ్మా ఇద్దరమే.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. సింగపూర్ వచ్చిన అమ్మని మలేషియా తీసుకెళ్తే మళ్ళీ సింగపూర్లోకి అడుగుపెట్టాలిగా! ఆమె వీసా ఒక్కసారి ప్రవేశానికేనా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నది ముందే చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు రాక వివరాలు కంప్యూటర్లో మళ్ళీ కొత్తగా నింపాలి. మలేషియాకీ అలాంటిదే ఒకటి ఉంది. రెండూ ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపాల్సినవే, రెండూ ఉచితమే, డబ్బు అడిగే చోట నింపకండి. మలేషియా వాళ్ళు 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి 30 రోజుల లోపు చూసిరావడానికి వీసా అక్కర్లేదన్నారు. ఆ గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి టిక్కెట్టు కొనేముందు ఒకసారి కనుక్కోండి. బస్సులో వెళ్తే సరిహద్దు దగ్గర రెండుసార్లు దిగాలి, సామానుతో సహా. అవతలికి వచ్చాక అన్ని బస్సులూ ఒకేలా కనిపిస్తాయి. దిగగానే మీ బస్సు నంబరు ఫోటో తీసుకోండి. శని, ఆదివారాల్లో, పండగ సెలవుల్లో అక్కడ జనం ఇసక వేస్తే రాలరు. మేం గురువారం ఎంచుకున్నది అందుకే.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. మూడు రోజులకి పదకొండు చూడాల్సినవి కాగితం మీద రాసుకున్నాను. మళ్ళీ వస్తుందో రాదో, అన్నీ చూపించేయాలని. మధ్యాహ్నం దిగామో లేదో హోటల్లో సామాను పడేసి, ఎర్రరంగు వేసిన డచ్చివాళ్ళ కట్టడాల దగ్గరికి లాక్కుపోయాను. అక్కడ 1753లో కట్టిన చర్చి ఉంది. లోపల నేలమీద పాత సమాధి రాళ్ళు పరిచి ఉన్నాయి. అమ్మ వాటి దగ్గర ఆగిపోయింది. "పులికాట్లో చూశాం పాపా ఇట్టాంటి రాళ్ళు. మీ నాయన పడవెక్కించి తీసకపోయినాడు ఒకసారి" అంది. నేను వినిపించుకోలా. కొండమీది పాత చర్చికి ఎండ తగ్గేలోగా ఎక్కాలని నా తొందర నాది.

సగం మెట్లెక్కి "నువ్వు పోయిరా, నేనీడ కూర్చుంటా" అంది. పైకి వెళ్ళి నాలుగు ఫోటోలు తీసుకుని దిగొచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. టాక్సీ పిలిచి దగ్గర్లోని క్లినిక్కి తీసుకెళ్ళాను. బీపీ బాగా పెరిగింది. డాక్టరుగారు అడుగుతుంటే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మాత్రలు "రెండ్రోజులేగా" అని సింగపూర్లోనే వదిలేసి వచ్చింది. పొద్దుట్నుంచీ నీళ్ళు గుక్కెడు మించి తాగలేదు. ఎందుకంటారా? తాగితే మాటిమాటికీ బాత్రూమ్ వెతకాలి, దానికి నన్ను ఇబ్బంది పెట్టాలి, అందుకని.

నేను ఆ క్లినిక్ బల్లమీదే, పదిమంది ముందు, అమ్మని కేకలేశాను. "చిన్నపిల్లవా నువ్వు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని గోడవైపు చూస్తూ కూర్చుంది. మావారు ఫోన్లో మాత్రల అట్ట ఫోటో పంపితే డాక్టరుగారు అదే మందు రాసిచ్చారు. కంపెనీ పేరు అక్కడ ఎవరికీ తెలియదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరే పనికొచ్చింది. అమ్మానాన్నల మాత్రల చీటీ, అట్టల ఫోటోలు మీ ఫోన్లో ఇవాళే పెట్టుకోండి. ప్రయాణం లేకపోయినా సరే.

రాత్రి పడుకోబోతూ "డాక్టరుకి ఎంతయింది పాపా?" అని అడిగింది. "ఎంతయితే నీకెందుకులే" అన్నాను ఇంకా కోపంగానే. కాసేపుండి, "నేను రాకుండా ఉండాల్సింది" అంది చీకట్లో. నాకు నిద్ర పట్టలేదు. నాయన పోయినప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్న మనిషిని ఇంత దూరం రప్పించుకుని, నా పదకొండు చోట్ల పట్టికతో ఆ మాట అనిపించుకున్నానే అని.

తెల్లారి ఆ కాగితం చింపి బుట్టలో పడేశాను. "ఇవాళ నువ్వెటు పోదామంటే అటు" అన్నాను. ఆమె అడిగిందేంటో తెలుసా? "ఈడ చేపలు ఎట్టా వండుతారో చూడాలి పాపా."

అమ్మ శనివారం నీచు ముట్టదు. ఆరోజు శుక్రవారం కావడం మా అదృష్టం. నది ఒడ్డున పడవ ఎక్కి ముప్పావుగంట తిరిగి, నీడపట్టున చిన్న హోటల్లో కూర్చున్నాం. అసామ్ పెడాస్ అనే కూర తెప్పించాను. మలయ్ భాషలో అసామ్ అంటే పులుపు, పెడాస్ అంటే కారం. ఒక్క ముద్ద తిని "చింతపండు! ఇది మన పులుసే" అంది. చేప కూడా మన వంజరమే, అక్కడ తెంగిరి అంటారు. అయితే బెండకాయలున్నాయి, ఏదో కొత్త ఆకు వాసన ఉంది. లేచి వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయింది! ఈమెకి మలయ్ రాదు, ఆమెకి తెలుగు రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. పది నిమిషాల తర్వాత అమ్మ పూర్తి వివరాలతో తిరిగొచ్చింది. ఎండుమిరపకాయలు నానబెట్టి చిన్నుల్లిపాయలతో నూరాలి. అందులో పులియబెట్టిన రొయ్యముద్ద కొంచెం వెయ్యాలి. నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, చింతపండు రసం పోసి, మరిగాక బెండకాయలు, చేపముక్కలు వెయ్యాలి. మామిడికాయ లేదు, మెంతుల్లేవు. "రేపటికి ఉంచితే ఇంకా బాగుంటదని చెప్పు ఆమెకి" అని నన్ను పంపింది. నేనెట్లా చెప్పను! నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం దారిలో బట్టలకొట్టు ముందు ఆగింది. గళ్ళలుంగీలు వేలాడదీసి ఉన్నాయి. నాయన ఇంట్లో ఎప్పుడూ అవే కట్టేవాడు. బట్ట అంచు వేళ్ళతో నలిపి చూస్తూ నిలబడిపోయింది. పేరేమిటని కొట్టతన్ని అడిగాను. "కాయిన్ పెలికాట్" అన్నాడు. కాయిన్ అంటే బట్ట. పెలికాట్ అంటే మరేం కాదు, మన పులికాట్! ఆ తీరంలో నేసిన గళ్ళబట్ట ఓడల్లో ఇక్కడికొచ్చి, ఊరిపేరే బట్టపేరుగా నిలిచిపోయింది. పులికాట్లో కోట కట్టుకున్న డచ్చివాళ్ళే 1641లో మలక్కాని పోర్చుగీసుల దగ్గర్నుంచి గెలుచుకున్నారు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో రాసుకున్న ఒకే ఒప్పందంలో రెండు ఊళ్ళూ చేతులు మారాయి. ముందురోజు చర్చిలో అమ్మ చెప్పబోయిన మాట నాకప్పుడు గుర్తొచ్చి, "నాయన పడవెక్కించాడన్నావే, ఎప్పుడది?" అని అడిగాను. కొట్టు పక్కన అరుగుమీద కూర్చుని గంటసేపు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో అట. అంతకుముందు నేను ఒక్కముక్క విని ఎరగను. లుంగీ ఒకటి కొంది. ఎవరికని నేను అడగలేదు.

ఆ రాత్రి జోంకర్ వీధి సంతలో పది నిమిషాలే ఉన్నాం. శుక్ర, శని, ఆదివారాల్లో సాయంత్రాలు జరిగే సంత అది, జనం తోపులాట. వద్దనుకుని వెనక్కొచ్చేశాం. శనివారం పొద్దున్నే పొయ్యాత వినాయగర్ గుడికి వెళ్ళాం. 1781 నాటిది. అదే వీధిలో నాలుగడుగులు వేస్తే 1748లో మొదలైన మసీదు, దాని తర్వాత చీనావాళ్ళ గుడి. ఈ గుడిని నిలబెట్టుకొస్తున్న చెట్టి కుటుంబాలవాళ్ళు వందల ఏళ్ళ కింద వ్యాపారానికొచ్చి ఇక్కడి ఆడపిల్లల్ని చేసుకున్నవాళ్ళ సంతానం. మాట్లాడేది మలయ్, మొక్కేది వినాయకుడికి. అమ్మకి అది భలే నచ్చింది.

మీరూ అమ్మనో అత్తగారినో తీసుకెళ్తుంటే రెండు చిట్కాలు చెప్తాను. "బాత్రూమ్ కెళ్తావా?" అని అడగకండి, వద్దంటారు. "నేను వెళ్ళాలమ్మా, తోడు రా" అనండి, వెంటనే వస్తారు. నీళ్ళూ అంతే, మీరు తాగి సీసా చేతికివ్వండి. ధర అడిగితే సగం చెప్పండి. నేను రెండో రోజంతా అలాగే చెప్పాను, పాపమైతే నాదే. పొద్దున ఒకటి, నాలుగు దాటాక ఒకటి, అంతకుమించి పెట్టుకోకండి. మధ్యాహ్నం గదిలో కునుకు తీయనివ్వండి. ముందు ఖాయం చేసుకోవాల్సింది లిఫ్టున్న హోటలు. సముద్రం కనపడకపోయినా నష్టం లేదు, వాళ్ళు చూడని సముద్రమా!

నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఎండురొయ్యలు నూరి వేసి, బెండకాయలతో పులుసు పెట్టిందట. ఎలా ఉందన్నాను. "బాగానే ఉంది. ఊళ్ళో ఎవురికీ చెప్పలా. చేపల పులుసులో బెండకాయలేందని నవ్వుతారు" అంది.