పూడిక తీయించే ముందు సిగ్నల్‌మ్యాన్‌ను పెట్టించండి

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు చీఫ్ ఇంజినీర్ గారికి, నిజామాబాద్ జిల్లా కార్మిక శాఖ అధికారులకు

పోచంపాడ్‌లో 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ జలాశయాన్ని 112 టీఎంసీల లెక్కన కట్టారు. పూడిక మేటవేసి, సామర్థ్యం 80 టీఎంసీల దరిదాపులకు పడిపోయింది. ఆ మేట తీయాలంటే ప్రొక్లెయిన్లు, టిప్పర్లు దిగాల్సిందే.

ప్రొక్లెయిన్‌లో ఆపరేటర్ క్యాబిన్ సాధారణంగా ఎడమవైపు ఉంటుంది. కుడిపక్క బూమ్ అడ్డు, వెనక కౌంటర్‌వెయిట్ అడ్డు. అక్కడ మనిషి నిలబడ్డా ఆపరేటర్‌కు కనపడడు. అందుకే సిగ్నల్‌మ్యాన్ కావాలి. మన దగ్గర చాలాచోట్ల ఆ పని చేతికందిన హెల్పర్‌దే. టిప్పర్ వెనకే నిలబడి, 'రానియ్, రానియ్' అని అరుస్తూ బాడీ మీద చేత్తో కొడుతుంటాడు. బండికీ గట్టుకీ మధ్య మనిషి నలిగిపోయే చోటు సరిగ్గా అదే!

నిబంధనలకేం కొరత లేదు. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. సిగ్నల్ ఇచ్చేవారికి పని తెలిసి ఉండాలని అవి ఎప్పుడో చెప్పాయి.

టెండరు షరతుల్లోనే రాయించండి: యంత్రానికి ఒక్కరే సైగ చేయాలి, ఆయన కనపడకపోతే బండి ఆగాలి. 'ఆపు' అన్న సైగ మాత్రం ఎవరిచ్చినా చెల్లాలి. సిగ్నల్‌మ్యాన్‌కు వేరే పని చెప్పొద్దు, చేతిలో ఫోన్ ఉండొద్దు. శిక్షణ రోజులకూ కూలి ఇప్పించండి.