టీమ్ గెలిచింది సరే.. అందులో మీ వంతేంటి?

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు నలుగురం కలిసి చేశాం. క్యాంపస్ ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే ‘మేం ఇది చేశాం, మేం అది చేశాం’ అంటూ గడగడా చెప్పుకుపోయాను. ప్యానెల్‌లో ఒకాయన ఆపి, ‘బాగుందయ్యా, ఇందులో నువ్వు చేసిందేంటి?’ అన్నారు. చేసింది ఉంది. కానీ విడదీసి చెప్పడం చేతకాలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

ఆ ప్రశ్న మళ్లీ నాకు ఎదురైంది ఎక్స్‌మెన్ కామిక్స్ చదువుతున్నప్పుడు. 1963లో పుట్టిన ఈ సూపర్‌హీరో టీమ్ కొన్నాళ్లుగా మళ్లీ వార్తల్లో నలుగుతోంది. 2024లో ‘ఎక్స్‌మెన్ 97’ యానిమేషన్ సిరీస్, ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ సినిమా వచ్చాయి. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ నటుల జాబితాలోనూ పాత ఎక్స్‌మెన్ సినిమాల వాళ్లున్నారు. మనలో చాలామంది సినిమాలే చూసుంటారు. వాటికి మూలమైన కామిక్ బలాలు, బలహీనతలు చూస్తే టీమ్‌లో పనిచేయబోయే మీకు పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

బలం: ఎవరి పని వాళ్లకుంది

స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన మొదటి టీమ్‌లో అయిదుగురు విద్యార్థులు, ఒక గురువు. అందరూ ఒకే రకం అమెరికన్ టీనేజర్లు. పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. 1970 నుంచి కొత్త కథలు ఆపేసి, పాతవే మళ్లీ అచ్చువేస్తూ అయిదేళ్లు నెట్టుకొచ్చారు.

1975లో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ టీమ్‌నే మార్చేశారు. కెనడా నుంచి వుల్వరిన్, కెన్యా నుంచి స్టార్మ్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, సోవియట్ రష్యా నుంచి కొలోసస్ వచ్చారు. ఆ వెంటనే రచన చేపట్టిన క్రిస్ క్లేర్‌మాంట్ 16 ఏళ్లపాటు కథ నడిపారు. ఆయన ప్రతి పాత్రకూ ఒక శక్తితో పాటు ఒక లోటూ చూపించారు. తుపాన్లను పుట్టించే స్టార్మ్‌కు ఇరుకు చోట్లంటే భయం. 1986లో వచ్చిన ఒక కథలో ఆమె శక్తులన్నీ పోయి ఉంటాయి. అయినా నాయకత్వం కోసం జరిగిన పోటీలో సైక్లాప్స్‌ను ఓడిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది 2019లో జొనాథన్ హిక్‌మన్ రాసిన ‘హౌస్ ఆఫ్ ఎక్స్’. అంతకుముందు గోల్డ్‌బాల్స్ అనే పాత్ర ఉండేది. ఒంట్లోంచి బంగారు బంతులు విసరడమే అతని శక్తి. దాంతో ఏం లాభమని అందరూ నవ్వేవాళ్లు. తీరా చూస్తే అవి బంతులు కావు, గుడ్లు! మరో నలుగురి శక్తులు తోడైతే వాటి నుంచి చనిపోయినవాళ్లను తిరిగి బతికించవచ్చు. ఒకరు గుడ్డును పనికొచ్చేలా మారుస్తారు, ఒకరు ప్రాణం అంకురించేలా చేస్తారు, ఒకరు కాలాన్ని ముందుకు నడిపి ఆ శరీరాన్ని ఎదిగేలా చేస్తారు, ఇంకొకరు అందరి శక్తుల్నీ కలుపుతారు. విడిగా చూస్తే ఎందుకూ కొరగాడనిపించినవాడు ఇక్కడ లేకపోతే పనే మొదలవదు.

బలహీనత: చావుకు విలువ లేదు, కథకు అంతు లేదు

అయితే ఈ కామిక్ అసలు జబ్బు కూడా అక్కడే ఉంది. 1980లో జీన్ గ్రే మరణం పాఠకుల్ని కదిలించింది. 1986కల్లా కొత్త పుస్తకం కోసం ఆమెను వెనక్కి తెచ్చేశారు. ఆ తర్వాత ఎవరు పోయినా ‘మళ్లీ వస్తార్లే’ అనే ధీమా పాఠకులకు వచ్చేసింది. హిక్‌మన్ ఈ బలహీనతనే కథలో నియమంగా మార్చడం తెలివైన పని. కాకపోతే ఎప్పుడైనా బతికించగలిగితే ఇక ఉత్కంఠ ఎక్కడిది?

రెండోది, రద్దీ. 2019 తర్వాత ఒకేసారి అరడజనుకు పైగా ఎక్స్‌మెన్ పుస్తకాలు నడిచాయి. ఒకదాంట్లో మొదలైన ముడి ఇంకోదాంట్లో విడుతుంది. కొత్తగా చదవాలనుకునేవాళ్లకు ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. హిక్‌మన్ తాను అనుకున్న కథ పూర్తి చేయకుండానే 2021 చివర్లో తప్పుకున్నారు. మిగతా రచయితలు 2024 దాకా నడిపి ముగించారు. ఆ జులైలో మళ్లీ ఒకటో సంచికతో కొత్త అధ్యాయం మొదలైంది.

అసలు పేచీ పేజీ బయటే

పేజీలో ఎవరి పని ఏంటో ఇంత స్పష్టంగా చూపించే పుస్తకం, దాన్ని తయారుచేసిన వాళ్ల దగ్గరికొచ్చేసరికి తడబడింది. 1991లో వచ్చిన కొత్త ‘ఎక్స్‌మెన్’ ఒకటో సంచిక దాదాపు 81 లక్షల కాపీలతో గిన్నిస్ రికార్డుకెక్కింది. బొమ్మలు జిమ్ లీవి. 16 ఏళ్లు టీమ్‌ను మోసిన క్లేర్‌మాంట్ మాత్రం మూడో సంచికతోనే వెళ్లిపోయారు. 1992లో జిమ్ లీ సహా ఏడుగురు చిత్రకారులు బయటికొచ్చి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. ఎంత గీసినా పాత్రల మీద హక్కు కంపెనీదే కావడం అందుకో ముఖ్య కారణం.

వుల్వరిన్ సంగతి ఇంకా తాజాది. 1974లో పుట్టిన ఈ పాత్రకు సృష్టికర్తలుగా రచయిత లెన్ వీన్, రూపం దిద్దిన జాన్ రొమీటా, మొదటి కథ గీసిన హెర్బ్ ట్రింప్ పేర్లు చెప్పుకొనేవాళ్లం. కెనడా హీరో కావాలని, ఆ పేరు పెట్టమని చెప్పింది అప్పటి ఎడిటర్ రాయ్ థామస్. 2024 సినిమా సమయంలో ఆయన పేరునూ సహ సృష్టికర్తగా చేర్చారు. దీనిపై వీన్ భార్య అభ్యంతరం చెప్పారు. ఆలోచన ఇచ్చినవాడిదా, రాసినవాడిదా, గీసినవాడిదా? 50 ఏళ్లు గడిచాక ఈ లెక్క తేల్చడానికి వీన్, రొమీటా, ట్రింప్ ముగ్గురూ బతికిలేరు.

ఇక మీ సంగతి

ఇదంతా అమెరికా కామిక్స్ గొడవే కదా అనుకోకండి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. అంటే రేపు మీరు రాసే కోడ్, గీసే బొమ్మ, చేసే గేమ్ డిజైన్ మామూలుగా కంపెనీ సొత్తే. అందులో తప్పేం లేదు, జీతం అందుకే ఇస్తారు. కానీ సంతకానికి ముందే ఆ సంగతి తెలిసుండాలి. ఫ్రీలాన్స్ అయితే లెక్క వేరు. హక్కులెవరివి, పేరు వేస్తారా, మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా అన్నవి ఒప్పందంలో చదువుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి. ఆఫీసు కోడ్‌ను ‘నా పనే కదా’ అని గిట్‌హబ్‌లో పెట్టేయకండి.

హక్కు కంపెనీదైనా, పని చేసింది మీరన్న నిజం మీదే. దాన్ని ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. ప్రాజెక్టు నడుస్తున్నప్పుడే తేదీ వేసి, ఏ భాగం ఎవరు చేశారో నలుగురూ కలిసి ఒక పేజీ రాసుకుంటే చాలు. రెజ్యుమెలో నలుగురూ ‘టీమ్ లీడర్’ అని రాసుకునే అవస్థ తప్పుతుంది.

ఇప్పుడు ఆ ప్యానెల్ ముందు కూర్చుంటే ఇలా చెబుతాను: ‘డేటాబేస్, లాగిన్ భాగం నావి సర్. స్క్రీన్లు ఒక ఫ్రెండ్ చేశాడు. టెస్టింగ్ చేసినమ్మాయి పట్టుకున్న ఒక తప్పు వల్ల నా కోడ్ సగం తిరగరాయాల్సి వచ్చింది’. నా వంతు చెప్పుకొన్నట్టూ ఉంటుంది, పక్కవాళ్ల వంతు మింగేయకుండానూ ఉంటుంది. మీ ఇంటర్వ్యూకి ముందు మీ ప్రాజెక్టు గురించి ఇలాంటి మూడు వాక్యాలు రాసుకుని వెళ్లండి.