ఏడేళ్ళు ఆగి వచ్చిన పాటలు

ఈ వారం ఓ టీవీ పాటల పోటీలో ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని 'మా రేవా' పాడాడు. గొంతు విప్పి, భయం లేకుండా పాడాడు. పాట అయ్యాక వ్యాఖ్యాత అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఏ సినిమాలోది?" నాకు ఒళ్ళు మండింది. సినిమాలో లేని పాట కూడా పాటేనన్న సంగతి మనకి ఇంతగా ఎలా మరుపుకొచ్చింది?

అది ఢిల్లీ బ్యాండ్ 'ఇండియన్ ఓషన్' పాట. 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్‌లోది. 1993లో హెచ్‌ఎంవీ ద్వారా వచ్చిన మొదటి ఆల్బమ్‌తోనే వాళ్ళకి పేరొచ్చింది. రెండో స్టూడియో ఆల్బమ్‌కి మాత్రం ఏడేళ్ళు పట్టింది. నడుమ 1997లో 'డెజర్ట్ రెయిన్' వచ్చింది గానీ, అది వీధి నాటకాల సఫ్దర్ హష్మీ స్మృతిలో సహ్మత్ సంస్థ జరిపిన సభలో వాయించింది వాయించినట్టు రికార్డు చేసిన సంగీతం.

ఆ ఏడేళ్ళే 'కందీసా'కి ప్రాణమని నా నమ్మకం. అది ఇండీపాప్ వీడియోలు హోరెత్తించిన కాలం. వీళ్ళు వేదికల మీద వాయిస్తూ, విన్నవాళ్ళ ముఖాలు చూస్తూ, పాటల్ని అక్కడికక్కడే దిద్దుకుంటూ తిరిగారు. వ్యవధి దొరికితే చాలదు, దాన్ని ఎక్కడ గడిపారన్నది ముఖ్యం. ఇంగ్లాండ్‌లో స్టోన్ రోజెస్ బృందానికీ రెండో ఆల్బమ్‌కి ఐదేళ్ళు పట్టింది. అందులో చాలా కాలం రికార్డు కంపెనీతో కోర్టు గొడవల్లో, శ్రోతలకి దూరంగా గడిచింది. 1994 చివర్లో ఆల్బమ్ వస్తే విమర్శకులు పెదవి విరిచారు. 1996కల్లా బృందమే చెదిరిపోయింది.

'కందీసా'లో పాటలు ఏడే. వాటిలో మూడింటి పుట్టుక చూడండి. 'మా రేవా' నర్మదమ్మ పాట. కార్నెల్‌లో డాక్టరేట్ చేసి వచ్చిన, ఈ బృందంలోని రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. ఆ లోయ జనం దగ్గర నేర్చుకున్న పాట అది. 'హిల్లేలే' గోరఖ్ పాండే భోజ్‌పురిలో రాసిన ఉద్యమ గీతం. 'కందీసా' కేరళ క్రైస్తవుల సిరియాక్ ప్రార్థన. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా దేశమంతటా కాలేజీ కుర్రాళ్ళు దాన్ని నోరారా పాడారు. సుస్మిత్ సేన్ గిటార్, అమిత్ కిలమ్ డ్రమ్స్ ఒక ఎత్తు. తబలా వాయిస్తూనే అసీమ్ చక్రవర్తి ఎత్తుకునే ఆలాపన ఒక ఎత్తు. 2009 క్రిస్మస్ రోజున ఆయన పోయాడు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

'హిల్లేలే' తెలుగువాళ్ళకి కొత్తగా తోచదు. వంగపండు గజ్జెకట్టి ఆడిన నేల ఇది, గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడిన నేల ఇది. ఇంత పాట ఉన్నచోట బ్యాండ్లు ఎందుకు నిలదొక్కుకోవు? హైదరాబాద్ నుంచి 'చౌరస్తా' వచ్చి 'ఊరెళ్ళిపోతా మామా' అంటే ఎంతమంది గుండె కదిలిందో గుర్తుంది కదా. ఆ పాట పాడిన రామ్ మిరియాల గొంతు తర్వాత 'జాతిరత్నాలు'లో, 'డీజే టిల్లు'లో మోగింది. ఆయన్ని తప్పుపట్టను, పాటగాడికీ ఇల్లు గడవాలి. కానీ సినిమా తప్ప మరో దారిలో ఇల్లు గడవకపోవడం మాత్రం మన తప్పే. ఇండియన్ ఓషన్ 1993 నుంచి 2023 దాకా తెచ్చిన స్టూడియో ఆల్బములు ఆరే. ముప్పై ఏళ్ళలో ఆరు ఆల్బములు చేసిన బృందాన్ని మోయగల శ్రోతలు మన దగ్గర లేరంటే నేను ఒప్పుకోను. వినిపించేవాళ్ళే కరువయ్యారు.

వినిపించేవాళ్ళంటే గుర్తొచ్చింది. పాటకి ముందు "రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా" అని చెప్పడం ఆకాశవాణి మనకి చేసిన అలవాటు. దేవులపల్లివారి పేరు, బాలాంత్రపు రజనీకాంతరావుగారి పేరు పుస్తకం ముట్టనివాళ్ళకి కూడా తెలిసింది అలాగే. ఇప్పుడు ఫోన్‌లో పాట పెట్టండి. సినిమా పేరుంటుంది, హీరో బొమ్మ ఉంటుంది. పాట రాసినవాడి పేరు కోసం చాలాసార్లు వెతుక్కోవాలి. పాత పాటలకైతే మరీ అన్యాయం, ఒకరు రాసినది ఇంకొకరి పేరున కనిపిస్తుంది. 2012లో కాపీరైట్ చట్టం సవరించి రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా హక్కు ఇచ్చారు. పేరే సరిగ్గా లేని చోట ఆ వాటా ఎవరి చేతికి అందుతుంది?

ఆడియో కంపెనీల దగ్గర పాత రికార్డుల తొడుగులున్నాయి, క్యాసెట్ అట్టలున్నాయి. అందులో అచ్చయిన పేర్లు చూసి ఎక్కించడానికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు, తెలుగు చదవగల ఇద్దరు మనుషులు చాలు. వాళ్ళని ఈ నెల్లోనే నియమించండి.