మూసీని బాగుచేసే ఇంజనీర్ల పక్కన ఇంకెవరుండాలి?

ఇంజనీర్ అనగానే మన ఇళ్లలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషే గుర్తొస్తాడు. కానీ పాడైపోయిన నదినీ, దాని ఒడ్డునున్న పాత బస్తీలనూ బాగుచేయాలంటే ఒక రకం ఇంజనీర్ చాలడు. వరద లెక్క ఒకరిది, మురుగు కాలువలది ఇంకొకరిది. వంతెనలు, రోడ్లు, నేల, చెట్లు, ఒక్కోదానికి ఒక్కో నిపుణుడు కావాలి. వీళ్లందరినీ ఒకచోట చేర్చి సలహా ఇచ్చే సంస్థే కన్సల్టెన్సీ. హైదరాబాద్‌లో మూసీ నదికి ఇప్పుడు ఇలాంటి పనే తలపెట్టారు. ఆ జట్టులో ఇంటింటికీ తిరిగి మనుషులతో మాట్లాడేవాళ్లు కూడా మొదటి రోజు నుంచే ఉండాలని నా అభిప్రాయం.

మూసీ దగ్గరికి ఇంజనీర్లు రావడం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరంలో గోడలు కడితే సరిపోదు, నీళ్లను ఎగువనే ఆపాలి అన్నారాయన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపే జలాశయాలే ఊరికి తాగునీళ్లూ ఇచ్చాయి. మురుగు పారుదల గురించి, నది ఒడ్డున తోటల గురించి కూడా ఆయనే సూచించారు. అన్నీ ఒక్క మనిషే ఆలోచించిన రోజులవి!

ఇప్పుడు కష్టం వేరు. మూసీలో పారేది చాలావరకు మురుగునీరే. దాన్ని శుద్ధి చేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ వాసన, దోమల మధ్య ఎవరూ ఇష్టపడి ఉండరు. అయితే 2024లో నదిలోకి వస్తాయన్న ఇళ్లకు ఎర్రరంగుతో గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపించారు. ఇల్లు ఇచ్చారు కదా, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. ఇల్లు దూరమైతే బడి మారుతుంది. అదీ చదువు మధ్యలో! నాలుగిళ్లలో పనిచేసుకునే అమ్మకు ఆ నాలుగిళ్లూ దూరమైపోతాయి. పని వదులుకోకపోతే బస్సు ఛార్జీలు ఆ వచ్చే జీతంలోంచే పెట్టుకోవాలి.

ఇలా అందరినీ అడుగుతూ కూర్చుంటే వరద ఆగుతుందా అని కొందరంటారు. నిజమే, ఆగదు. కానీ నీటి లెక్కకు నెలలు ఇస్తున్నప్పుడు, బడి ఎంత దూరమో కనుక్కోవడానికి కొన్ని వారాలు ఇవ్వలేమా? తరలించాల్సి వస్తే వేసవి సెలవుల్లో తరలించాలి. తాళంచెవితో పాటే పిల్లలకు కొత్త బడిలో సీటు, పెద్దవాళ్లకు బస్ పాస్ చేతికివ్వాలి. ఆ ఖర్చు కూడా వంతెనల ఖర్చు రాసే కాగితంలోనే రాయాలి.