చెరువు మనదే, దోసిలి పట్టేదెప్పుడు?



ఏప్రిల్ 14 వస్తే బాబాసాహెబ్ ఫొటో డీపీ పెట్టుకుంటాం. డిసెంబర్ 6 వస్తే దండ వేస్తాం. మిగతా రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, అంబేడ్కర్ పీడీఎఫ్ ఉంటే పెట్టవా" అని అడుక్కుంటాం. మన ఆస్తిని మనమే అడుక్కోవడం ఏంటి?

చట్టం లెక్క గుర్తుపెట్టుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ తర్వాత ఆ రచన అందరిదీ. బాబాసాహెబ్ 1956లో పరినిర్వాణం చెందారు. అంటే ఆయన బతికుండగా అచ్చయిన ప్రతి పుస్తకమూ 2017 జనవరి 1 నుంచి మనదే. 1936 నాటి 'కుల నిర్మూలన' ఇంగ్లీష్ మూలాన్ని దించుకోవచ్చు, ఈపబ్ చేసి పంచవచ్చు, అచ్చేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ బావులూ చెరువులూ అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా సరే అంది. కానీ 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం ఉత్త కాగితమే. మన పుస్తకాల హక్కు కూడా ఇప్పుడు అలాంటి కాగితమే.

నీళ్లెక్కడున్నాయో చెప్తా. 'కుల నిర్మూలన' ఇంగ్లీష్ పాఠం కొలంబియా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంది. రచనలు–ప్రసంగాల ఇంగ్లీష్ సంపుటాలు భారత విదేశాంగ శాఖ సైట్‌లో ఉచితం. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసిన నల్లజాతి మేధావి డు బోయిస్ పుస్తకం 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఈపబ్‌గా దొరుకుతుంది. ఈ-రీడర్ లేనివాళ్లకు ఫోన్ చాలు.

తెలుగు సంగతి వేరు. మూలం స్వేచ్ఛ పొందినా అనువాదం మీద విడిగా హక్కులుంటాయి. తెలుగు విశ్వవిద్యాలయం బాబాసాహెబ్ సంపుటాలను తెలుగులో వేసింది. అది ప్రజల డబ్బు. వాటిని యూనికోడ్ ఈపబ్‌లుగా, ఎవరైనా పంచుకునే లైసెన్సుతో విడుదల చేయాలి. స్కాన్ బొమ్మల పీడీఎఫ్ ఆరంగుళాల తెర మీద చీమల బారులా కనబడుతుంది. ఈపబ్‌లో అయితే అక్షరం పెద్దది చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్, విజయవాడలో 125 అడుగుల అంబేడ్కర్. రెండు ప్రభుత్వాలకూ కంచు దొరికింది. ఫైళ్లకు ఏం కరువొచ్చింది?

ఇప్పుడు మనవాళ్లతో గొడవ. "కాపీరైట్ పెట్టుబడిదారుడి ఆయుధం, పైరసీ మా తిరుగుబాటు" అని కొందరు బతికున్న దళిత రచయితల పుస్తకాలు స్కాన్ చేసి గ్రూపుల్లో పడేస్తున్నారు. ఎవరి మీద తిరుగుబాటు? అప్పు చేసి ఐదొందల కాపీలు వేసుకుని, సభల్లో సంచీ భుజాన వేసుకుని అమ్ముకునే కవి మీదా? మన తాతల వెట్టికి కూలి ఇవ్వలేదని నినదించే మనం, మన రచయిత చేత వెట్టి చేయిస్తామా? జాషువా 1971లో పోయారు. వారసులు ముందే వదులుకుంటే తప్ప, 'గబ్బిలం' 2032 జనవరి 1న గానీ అందరిదీ కాదు. అప్పటిదాకా కొనండి, లైబ్రరీలో తీసుకోండి. డబ్బుల్లేకపోతే పదిమంది కలిసి ఒక కాపీ కొనండి.

స్కాన్ చేసే ఓపిక ఉన్నవాళ్లకు పని బోలెడుంది. భాగ్యరెడ్డి వర్మ 1939లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయిన ఆయన రాతలన్నీ ఎప్పుడో అందరివైపోయాయి. వాటిని వెతకండి. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పేజీ పక్కనే అక్షరాలు టైపు చేసి సరిదిద్దే ఏర్పాటుంది, పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్‌గా దించుకోవచ్చు. హాస్టల్లో ఇరవైమంది రోజుకు తలా ఒక పేజీ చేస్తే రెండొందల పేజీల పుస్తకం పది రోజుల పని.

బోధించు, సమీకరించు, పోరాడు అని గోడల మీద రాస్తున్నాం. బోధించాలంటే ముందు చదవాలి. గట్టు మీద నినాదాలు చాలు, చెరువులోకి దిగండి.

జై భీమ్.